పదికి పది వచ్చిన ఉత్తరం

నూకాలమ్మ పిన్ని పోయిన పదిహేను రోజులకి గాని నేను క్యాంప్ 1కి వెళ్ళలేకపోయాను. స్మృతి నగర్‌లో మా ఇంటి ముందు ఆటో ఎక్కితే అరగంట కూడా పట్టదు. మోకాళ్ళ నొప్పి అని ఒక రోజు, పిల్లల పేపర్లు దిద్దాలని ఒక రోజు వాయిదా వేస్తూ వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లలేదు. పిన్ని నాకు చుట్టం కాదు. మా నాన్నా, ఆవిడ భర్త అప్పలస్వామి బాబాయీ ఇక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్స్‌లో కలిసి పనిచేసేవారు. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవే. ప్లాంటు పనివాళ్ళుండే ఆ క్యాంప్‌లో అప్పట్లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. అటువైపు పోపు వేస్తే ఇటువైపు మేము తుమ్మేవాళ్ళం.

పిన్ని కొడుకు రమణ నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, లోపలి నుంచి ఒక గుడ్డ సంచీ తెచ్చాడు. అందులో నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాలు కట్టగా ఉన్నాయి. మడతల దగ్గర చిరిగి, వేలు తగిలితే పొడి రాలేలా ఉన్నాయి. "దీదీ, ఇవి అమ్మ పెట్టిలో దొరికినాయి. మా అమ్మమ్మ పోయినప్పుడు ఊర్నించి తెచ్చుకున్నాదంట. తెలుగులో ఉన్నాయి కదా, మాకు సదవడం రాదు. అన్నీ నువ్వే రాసినావని అమ్మ సెప్పీది. ఒకటి సదివి పెట్టవా?" అన్నాడు. రమణకి యాభై దగ్గర పడుతోంది. తెలుగు మాట్లాడతాడు, హిందీ పేపరు చదువుతాడు. నేను పైనున్న ఉత్తరం విప్పాను. చూడగానే నా చేతిరాత గుర్తుపట్టాను. గుండ్రంగా, పొందిగ్గా, తనని చూసి తనే మురిసిపోతున్న పదేళ్ళ పిల్ల రాత. గొంతు సవరించుకుని చదివాను. "పూజ్యురాలైన అమ్మగారికి మీ కుమార్తె నూకాలమ్మ నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం. అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను. ప్రస్తుతం నా ఆరోగ్యం కొంచెం నలతగా ఉన్నది. కంగారు పడవలసినది లేదు. మీకు వీలు చిక్కినప్పుడు ఒకసారి రాగలరని ఆశిస్తున్నాను."

రమణ తల వంచుకుని విన్నాడు. "ఇది మా అమ్మ కాదు దీదీ. అమ్మ ఇలాగ మాటాడదు," అన్నాడు. అతను ఏ తప్పూ పట్టలేదు, ఉన్నమాటే అన్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అతనికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా సందులో గడియారం అక్కర్లేదు. ప్లాంటు భోంపూ, అంటే సైరన్, మోగితే ఎవరు డ్యూటీకి వెళ్ళాలో, ఎవరు వస్తారో అందరికీ తెలిసేది. ఇంటి గుమ్మంలో సిగ్డీ పెట్టి బొగ్గులు రాజేసేవాళ్ళు. పొద్దున్నే సందంతా పొగ. ఆ పొగలో ఒకింటి ఎండుచేపల వాసన, ఇంకో ఇంటి మెంతుల వాసన, ఆ పక్క ఛత్తీస్‌గఢీ వాళ్ళ చీలా అట్ల వాసన కలిసిపోయేవి. ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము పడేది. మా అమ్మ తెల్లచీర కట్టడమే మానేసింది. ఏ ఇంట్లో మగమనిషి నైటు డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడో ఆ ఇంటి ముందు మేము ఆటలు ఆడకూడదు, గట్టిగా నవ్వకూడదు. సందులోని ఆడవాళ్ళంతా పగలు గుసగుసల్లో పోట్లాడుకునేవారు. అలాంటి పోట్లాట చూస్తే ఎంత నవ్వొచ్చేదో! గొంతు పెంచకుండా తిట్టడానికి చాలా తెలివి కావాలి.

బడిలో మాకు హిందీ. తెలుగు నేర్పింది రాజేశ్వరి టీచరు. ఆవిడ సెక్టర్ 4లో ఒక క్వార్టర్‌లో ఉండేది. వారమంతా ఏదో బడిలో లెక్కలు చెప్పేది, ఆదివారం పొద్దున తన వరండాలో చాప పరిచి మాకు తెలుగు చెప్పేది. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. "మీ ఊళ్ళో మీ అవ్వకి మీరు రాసింది అర్థం కావాలి, నాకదే జీతం," అనేది. మనిషి పొట్టి, కోపం పొడుగు. వంటగదిలో పప్పు ఉడుకుతుంటే గుమ్మంలో పీట వేసుకుని పేపర్లు దిద్దేది. ఒక కన్ను పప్పు మీద, ఒక కన్ను మా రాత మీద. మా పుస్తకాల్లో ఎర్ర సిరా మరకలతో పాటు పసుపు మరకలు కూడా ఉండేవి. హిందీ అలవాటు కొద్దీ మేము తెలుగు అక్షరాల నెత్తిన కూడా అడ్డగీత గీసేవాళ్ళం. ఆవిడ తలపట్టుకుని, "ఇవేటర్రా, దండెం మీద బట్టలారేసినట్టు! దింపండి కిందకి," అనేది.

వ్యాసాలంటే ఆవిడకి గిట్టేది కాదు. ఆవు గురించి రాయమంటే ఆవుని చూడకుండానే రాస్తారని ఆవిడ ఫిర్యాదు. అందుకని మాకు ఒక పని పెట్టింది. చదువు రాని వాళ్ళు మా సందుల్లో బోలెడుమంది. వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పిన ఉత్తరం రాయాలి. ముందు నోటుపుస్తకంలో చిత్తు, తర్వాత ఇన్‌లాండ్ మీద మంచిగా. వాళ్ళు ఒప్పుకుంటే చిత్తు కాపీ ఆదివారం టీచరుకి చూపించాలి. దానికి పదికి మార్కులు. నాకు ఎప్పుడూ ఏడో ఎనిమిదో వచ్చేవి. ప్రసాదు అనే కుర్రాడికి తొమ్మిది వచ్చేవి. ఆ ఒక్క మార్కు కోసం నేను ఎంత కుళ్ళుకున్నానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. ఆ ఒక్క మార్కే లేకపోతే ఈ కథే లేదు.

పిన్ని అప్పుడు ఏడో నెల గర్భిణి. అంతకు ముందు ఒకసారి నిలవలేదు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాలి, కానీ రైలు ప్రయాణం పనికిరాదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది. ఇక ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ పైడమ్మే ఇక్కడికి రావాలి. ఆవిడ శ్రీకాకుళం దాటి ఎరగదు. ఒక శుక్రవారం సాయంత్రం పిన్ని నన్ను పిలిచి గుమ్మంలో కూర్చోబెట్టింది. చేతిలో చేట, అందులో బియ్యం. ఏరుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా యమ్మకి రాయి పద్దమ్మా. అమ్మా, నాకు బయమేత్తంది. కాళ్ళు పొంగిపోనాయి, సెప్పులు పట్టడం నేదు. మీ అల్లుడు నైటుకెల్తే నానొక్కదాన్నే గోడకేసి సూస్తా కూకుంటన్నాను. నువ్వు ఒచ్చీ. పనులన్నీ ఒగ్గీసి ఒచ్చీ. నువ్వు రాకపోతే నాను బతకనే అమ్మా. అని రాయి." బియ్యం ఏరడం ఎప్పుడో ఆగిపోయింది. చేటలో కన్నీళ్ళు పడ్డాయి. నేను పెన్సిలు పట్టుకుని ఆలోచించాను. బయమేత్తంది అని రాస్తే టీచరు నవ్వదూ? సెప్పులు, ఒగ్గీసి, ఇవన్నీ రాతలో వచ్చే మాటలా? ఇంట్లో మా నాన్నకి ఎవరో పెద్దమనిషి రాసిన ఉత్తరం ఉంది, దాని వరస నాకు కంఠతా వచ్చు. ఆ వరసలో పిన్ని మాటల్ని సర్దాను. రమణకి నేను చదివి వినిపించిన ఉత్తరం అదే. రాసి, పిన్నికి కూడా చదివి వినిపించాను. పిన్ని కళ్ళు తుడుచుకుని వింది. "బాగా రాసినావే! పెద్దోల్లు రాసినట్టే ఉన్నాది," అంది. తను చెప్పిందంతా ఆ నాజూకు మాటల్లో ఎక్కడో ఉండే ఉంటుందని నమ్మింది. సదువుకున్నోల్ల రాతలో ఏడుపు అలాగే ఉంటాదేమో అనుకుంది గావాల. అలా నమ్మడం మా సందులో అందరికీ అలవాటే.

ఆదివారం టీచరు నా చిత్తు కాపీ చూసి ముచ్చటపడిపోయింది. "చూడండర్రా, భాష అంటే ఇలా ఉండాలి," అని పిల్లలందరికీ చదివి వినిపించింది. పదికి పది వేసింది. అంతవరకు ఆ వరండాలో ఎవరికీ పది రాలేదు. ప్రసాదు మొహం మాడిపోయింది. ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు.

పది రోజులకి జవాబు వచ్చింది, నేనే చదివాను. కోతలు, నూర్పులు అయ్యాక వీలు చూసుకుని వస్తానని పైడమ్మ ఎవరిచేతో రాయించింది. పిన్ని ఆ కాగితం తిరగేసి, మరగేసి చూసింది. "ఇంకేటీ నేదా? అంతేనా?" అని అడిగింది. అంతే అన్నాను. నాకప్పటికీ ఏమీ అర్థం కాలేదు.

నెల తిరగకుండానే పిన్నికి నొప్పులొచ్చాయి. బాబాయి డ్యూటీలో ఉన్నాడు. మా అమ్మ రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది, ఒక్క రోజు ఉంది. వాళ్ళమ్మ వచ్చి ఉంటే ఆ పిల్ల బతికేదని నేను అనను, డాక్టరమ్మ కూడా అనలేదు. కానీ ఆ రోజంతా పిన్ని తల నిమరడానికి కన్నతల్లి చెయ్యి ఉండేది కదా. ఊరికి కబురు చెయ్యాలా వద్దా అని మగవాళ్ళు మాట్లాడుకున్నారు. ముసలావిడ బెంగపడుతుంది, ఒంటరిగా రాలేదు, కోతలయ్యాక నెమ్మదిగా చెబుదాం అని తేల్చారు. పిన్నిని ఎవరూ అడగలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజున రాజేశ్వరి టీచరు చూడ్డానికి వచ్చింది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. పిన్ని గోడకి చేరగిలబడి, టీచరు చెయ్యి పట్టుకుని, "మా యమ్మకి రాయించినాను టీచరమ్మా. నువ్వు రాకపోతే నాను బతకనని కూడా రాయించినాను. అయినా కోతలే ఎక్కువైపోనాయి దానికి," అంది. టీచరు మెల్లగా తల తిప్పి నాకేసి చూసింది. నేను గుమ్మం వెనక్కి జరిగాను. పిన్ని నన్ను తిట్టలేదు, తన కన్నతల్లిని తిట్టింది. ఆ తల్లి ఏ పాపమూ చెయ్యలేదని నాకూ, టీచరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారం టీచరు పిల్లలందర్నీ పంపేసి నన్ను ఉండమంది. నా పుస్తకం తెరిచి ఆ పేజీ తీసింది. "ఆవిడ ఏం చెప్పింది? చెప్పింది చెప్పినట్టు చెప్పు," అంది. వెక్కుతూ చెప్పాను. విని, కలం తీసుకుని ఆ పదికి పదిని అడ్డంగా కొట్టేసింది. పక్కన పెద్ద సున్నా చుట్టింది. ఆ సున్నా కింద నా పేరు రాస్తుందనుకున్నాను. తన పేరు రాసింది.

"ఈ సున్నా నాది. నీకు పదేళ్ళు, నాకు నలభై. ఉత్తరం ఎవరు రాయించారో, ఎందుకు రాయించారో అడక్కుండా భాష చూసి మురిసిపోయాను," అంది. ఆవిడ గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. వెంటనే ఆవిడ మామూలు కోపం ఆవిడకి తిరిగొచ్చేసింది. "నీ పని అయిపోలేదు. వెళ్ళి పిన్నిని అడుగు. ఏం రాశావో చెప్పు. మళ్ళీ రాయి, ఈసారి ఆవిడ మాట ఒక్కటి కూడా మార్చకు." నేను వెళ్ళనన్నాను. ఇక జన్మలో ఉత్తరం రాయనన్నాను. "రాయకపోతే నా వరండా ఎక్కకు. తప్పు రాసిన చెయ్యి మానేస్తే ఒప్పు ఎవరు రాస్తారే?" అంది. పప్పు మాడిన వాసన వస్తున్నా ఆవిడ కదల్లేదు.

మూడు రోజులు తిరిగాను పిన్ని ఇంటి చుట్టూ. నాలుగో రోజు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా లోపలికి వెళ్ళి గబగబా చెప్పేశాను. నువ్వు చెప్పింది నేను రాయలేదు పిన్నీ, బతకనన్న మాట రాయలేదు, భయమన్న మాట రాయలేదు, వీలున్నప్పుడు రమ్మని రాశాను. పిన్ని కళ్ళార్పకుండా చూసింది. "ఐతే మా యమ్మకి తెలీదా?" అంది. తెలియదన్నాను. పిన్ని ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ గోడకి తల ఆన్చి పెద్ద ఊపిరి వదిలింది. వాళ్ళమ్మ కావాలని రాకుండా ఉండిపోలేదు, వాళ్ళమ్మకి తెలియలేదు, అంతే. ఆ తేడా ఆవిడకి ఎంత పెద్దదో నాకు నా పిల్లలు పుట్టాక గాని తెలియలేదు. "కాయితం తీ," అంది.

"అమ్మా, బిడ్డ పోనాది. ఆడపిల్ల. నీ ముక్కే. ఒక్క రోజున్నాది. నాకు పాలొత్తన్నాయి, ఎవులికియ్యాల?" ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అలాంటివి రాస్తారా అనిపించింది, సిగ్గేసింది. "ఆగీసినావేటి? రాయి," అంది పిన్ని. రాశాను. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట దిద్దలేదు. చదివి వినిపిస్తే ఈసారి బాగా రాసినావని అనలేదు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే జిగురు రాసి అంటించింది. మగవాళ్ళెవరికీ చెప్పకుండా నేనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

ఇప్పుడు ఆదివారాలు మా వరండాలో నేనూ తెలుగు చెబుతున్నాను. మొదట తొమ్మిది మంది పిల్లలు చేరారు. ప్లాంటులో పనిచేసి రిటైరైన వాళ్ళ మనవలు, మనవరాళ్ళు. హిందీలో కల గంటారు, తెలుగులో నసుగుతారు. ఆ కాలమే బాగుండేదని నేను అనను. పిన్ని చేతిలో ఫోనుంటే వాళ్ళమ్మ ఆ పొంగిన కాళ్ళు కళ్ళారా చూసేది, నా అవసరమే ఉండేది కాదు. కానీ 'మా అమ్మమ్మ' గురించి ఒక పేజీ రాయమంటే తొమ్మిది మందీ అమ్మమ్మని కాకుండా ఫోన్ని అడిగి తొమ్మిది నాజూకు పేజీలు తెచ్చారు. తొమ్మిది మంది అమ్మమ్మలూ ప్రేమమూర్తులే, ఒక్కావిడ కూడా ముక్కుపొడుం పీల్చదు. అన్నీ తిరిగి ఇచ్చేశాను. మార్కు వెయ్యను. మీ అమ్మమ్మ నిన్న ఏం మాట అంది, అది రాసుకు రమ్మంటాను. "మేడమ్, మీరు మార్కులివ్వరు, పిల్లల మోరల్ డౌన్ అయిపోతోంది," అని ఒక తండ్రి ఫోను చేశాడు. అవనివ్వండి అన్నాను. ఆయన కూతురు ఇప్పటికి నాలుగుసార్లు తిరగరాసింది, ఐదోసారీ రాయిస్తాను. ఇద్దరు మానేశారు. మిగతా ఏడుగురు చాలు నాకు. ఒక్కరే మిగిలినా చాప పరుస్తాను. పోయిన వారం రమణ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఆ రెండో ఉత్తరం చదివాను. అతను సగంలోనే లేచి బయటికి వెళ్ళి, కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు. లోపలికి వచ్చి, "ఇది అమ్మ," అన్నాడు.

ఒక్క విషయం మిగిలిపోయింది. ఆ రెండో ఉత్తరం వేసిన తొమ్మిదో రోజు పొద్దున మా సందు మొదట్లో ఎవరో పెద్ద గొంతుతో "నూకాలూ!" అని కేక వేశారు. నైటు డ్యూటీ చేసి పడుకున్న మగవాళ్ళంతా లేచి కూర్చున్నారు. బక్కపలచటి ముసలావిడ, నెత్తిన మూట, కాళ్ళకి చెప్పుల్లేవు. విజయనగరంలో బండి మారి, పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి, ఉత్తరం మీది చిరునామా కనిపించిన వాళ్ళందరికీ చూపించుకుంటూ ఒక్కతే వచ్చేసింది పైడమ్మ. కోతలు సగంలో వదిలేసింది. పిన్ని పరుగెత్తుకొచ్చింది, తల్లీకూతుళ్ళు సందు మధ్యలో కూలబడ్డారు. ఆ రోజు ఎవరూ వాళ్ళని గొంతు తగ్గించమనలేదు.

సాయంత్రం నన్ను పిలిపించారు. పైడమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ ఉత్తరం రాసిన గుంటవి నువ్వేనా? మా నూకాలు వొచ్చి నా పక్కన కూకుని సెప్పినట్టే ఉన్నాదే," అంది. నా చేతుల్ని కళ్ళకద్దుకుంది. తర్వాత హఠాత్తుగా, "మరి ముందరొచ్చిన ఉత్తరం ఎవులు రాసినారు?" అని అడిగింది. సిగ్డీ దగ్గర కూర్చున్న పిన్ని ఇటు తిరగకుండానే, "ఎవులో రాసినారులేవే అమ్మా, ఇప్పుడదెందుకు," అంది. నన్ను కాస్తోందని నాకు తెలిసింది. నోరు మూసుకుంటే సరిపోయేది.

"అదీ నేనే రాశాను," అన్నాను.

పైడమ్మ చేతులు వదల్లేదు. "నాను బెంగెట్టుకుంటానని అలాగ రాసినావు గావాల తల్లీ," అంది. అవునంటే ఆవిడ నన్ను ముద్దు పెట్టుకునేది. కాదని తల ఊపాను. "మార్కులొస్తాయని," అన్నాను. నా ఏడుపు ఆగలేదు. పిన్ని ఇటు తిరిగింది. పైడమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నేను వెక్కిళ్ళు ఆపేదాకా ఆగి, తన కొంగుతో నా మొహం గట్టిగా తుడిచింది.

"ఇకమీదట నా కూతురు ఏడిస్తే ఏడిసిందని రాయి," అంది. "నానూ ఏడుత్తాను. ఏడుసుకుంటానే రైలెక్కి ఒత్తాను."